ఒక్క ఫొటో చాలన్నాను

మా అబ్బాయి డిజిటల్ కెమెరా కొంటానన్న రోజున ఇంట్లో అందరూ నా మొహం వైపే చూశారు. దాని ధర మా ఇంటికి మూడు నెలల కిరాణా.

"రీళ్ళు కొనక్కర్లేదమ్మా, కడిగించక్కర్లేదు. రెండేళ్ళలో దాని ఖర్చు అదే తీర్చేస్తుంది" అన్నాడు.

"అది తర్వాత. తీసిన ఫొటో అప్పటికప్పుడే కనబడుతుందా?"

కనబడుతుందన్నాడు. కొనుక్కోమన్నాను.

నేను చదివింది మూడో తరగతి. అయినా రీళ్ళ కాలంలో మా కెమెరాకి పెత్తనం నాదే. మా గని కాలనీ దుమ్ము పడకుండా పాత చీరముక్కలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టేదాన్ని. ఒక రీలు ఏడాది రావాలి. మనిషికి ఒక్క ఫొటోనే.

పక్క క్వార్టరావిడది భోపాల్‌పట్నం వైపు. ఒక ఎండాకాలం వాళ్ళమ్మ చూడడానికి వచ్చింది. ఆ ముసలామెకు అంతవరకు ఒక్క ఫొటో కూడా లేదు. మా ఆయన గుమ్మం ముందు నిలబెట్టి నొక్కారు.

"అన్నా, ఇంకొకటి తీయుండ్రి. మా అమ్మ కదిలినట్టుంది" అంది కూతురు.

"ఒకటి చాలు. మీ అమ్మేమన్నా పెళ్ళికూతురా?" అన్నాను నేను. ముసలామె పకపకా నవ్వింది.

రీలులో ఇంకా పన్నెండు మిగిలాయి. అవి పూర్తయ్యేదాకా కడిగించనివ్వలేదు. వానాకాలంలో ఆవిడ రెండుసార్లు వచ్చి, "వదినా, రీలు ఒడిసిందా?" అని అడిగింది. దసరా కానీయమన్నాను. దసరాకు ముందే వాళ్ళమ్మ పోయిందని ఊరినుంచి కబురు వచ్చింది.

ఆ రోజే రీలు తీయించి కడగడానికి ఇచ్చాను. పన్నెండూ ఖాళీగా పోయాయి. ఫొటో వచ్చింది. ముసలామె నిటారుగా నిలబడి ఉంది, రెండు కళ్ళూ మూసుకుని. వానల్లోనే కడిగించి ఉంటే తెలిసేది. కబురు పెడితే బస్సెక్కి వచ్చేది, మళ్ళీ తీసేవాళ్ళం.

జగ్దల్‌పూర్‌లో ఒక స్టూడియో ఆయన మూసిన కళ్ళమీద రంగుతో తెరిచిన కళ్ళు గీస్తాడని విన్నాను. నా డబ్బుతోనే ఫొటో పెద్దది చేయించి, కళ్ళు గీయించి, ఫ్రేము కట్టించి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ చాలాసేపు చూసింది.

"ఇయ్యి ఎవలి కండ్లు వదినా?"

కళ్ళు మూసుకున్న చిన్న ఫొటో చూపించి, స్టూడియోలో గీయించానన్నాను.

"మా అమ్మకు ఎడమ కన్ను జర చిన్నగ ఉండె. ఇయ్యేంది, సినిమాల పిల్ల కండ్ల లెక్కున్నయి" అని నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి, "నీ పైసలు దండుగైనయి, ఏమనుకోకు. ఆ చిన్నదే ఇయ్యి" అంది.

కళ్ళు మూసుకున్న ఆ చిన్న ఫొటోనే వాళ్ళ గోడకు పెట్టుకుంది. పెద్దది నా దగ్గరే ఉండిపోయింది. డబ్బు పోసి చేయించాను గనక పారేయలేకపోతున్నానని మా వాళ్ళు అనుకుంటారు. అనుకోనీ అని ఊరుకున్నాను.