చిన్నగదిలో తాబేలు

ఐర్లండ్‌లో, డబ్లిన్ పక్కనున్న లూకన్‌లో తెలుగు మాట్లాడే తాబేలుంది. సరే, మాట్లాడదు, వింటుంది. కోవిడ్ రోజుల్లో ఇంట్లోవాళ్లకు అంటకూడదని డాక్టర్ హేమచంద్ చిన్నగదిలో వేరుగా ఉండేవాడు. అక్కడ తోడు అదొక్కటే. ఆస్పత్రి నుంచి రాగానే స్నానం చేసి, మాస్కు ఒరుసుకున్న ముక్కుకు వాజలీన్ రాసుకుని, దాని చెక్కపెట్టె ముందు చతికిలబడేవాడు. మట్టి తడిపి, వేడిదీపం సరిచేసి, స్ట్రాబెర్రీ ముక్క పెట్టేవాడు. అది తల బయటపెట్టి తినేదాకా తను అన్నం ముట్టేవాడు కాదు.

ఒకరోజు వార్డులో ఒక ఐరిష్ ముసలాయన చెవి దగ్గర హేమచందే ఫోను పట్టుకున్నాడు. అవతల కూతురు పిలుస్తూనే ఉంది. ఆయన పలకకుండానే పోయాడు. ఆ సాయంత్రం తాబేలు కూడా తలా కాళ్లూ లోపలికి లాక్కుని డిప్ప బిగించేసుకుంది. గుమ్మం దగ్గర కంచం పెట్టడానికి వచ్చిన భార్య నవీన తలుపు సందులోంచి చూసింది. అతను ఫోను డిప్పకు ఆనించి, "మీ అమ్మాయి లైన్లో ఉందండీ, ఒక్కసారి పలకండి" అని తెలుగులో బతిమాలుతున్నాడు. ఫోను ఆపేసి ఉంది.

నవీన చెప్పగా విని తర్వాతెప్పుడో నేనడిగితే, మట్టి మీద నీళ్లు చిలకరిస్తూనే అన్నాడు: "అలాంటిదేం జరగలేదంకుల్. అసలు తాబేలుకి చెవులెక్కడివి?"