తోడికోడలి తెల్ల బూట్లు

మా తోడికోడలు లుకేరియా గురించి మా ఊళ్లో ఎవరినడిగినా ముందు ఆమె నోటి గురించే చెబుతారు. బేరం దగ్గర పాదిరిగారిని కూడా వదల్లేదంటారు. నేను మాత్రం ఆమె కాళ్ల గురించి చెబుతాను. నోరు అందరికీ ఉంటుంది. తన కాలికి ఏం తొడుక్కోవాలో తానే తేల్చుకున్న కోడలు మా అత్తింట్లో అంతకుముందు లేదు.

మా ఇంట్లో ఉన్నిబూట్లన్నీ పొయ్యి పైన మనిషి పడుకునేంత వెచ్చటి అరుగు మీద వరసగా ఆరేవి. పొద్దున్నే మా అత్త మావ్రా వాటిని దింపి పంచేది. మొదట మామకు, తర్వాత కొడుకులకు, ఆ తర్వాత తనకు. మిగిలినవి కోడళ్లకు. మిగిలినవంటే ఒక కాలిది మామ వదిలేసిన పాతది, మడమ దగ్గర తోలు అతుకు వేసింది. ఇంకొకటి ఎప్పుడో పోయిన తాతది. పెద్దకోడల్ని కాబట్టి నేను ఆ రెండింటిలోనూ గడ్డి కూరుకుని ఏళ్ల తరబడి నడిచాను. లుకేరియా వచ్చాక ఆ జతే ఇద్దరికీ అయింది. ఒకరు బయటికి వెళితే రెండోవాళ్లు ఇంట్లో ఉండాలి.

లుకేరియా అరణంగా ఒక తెల్లగొర్రెను తోలుకొచ్చింది. మా వైపు ఆచారం ప్రకారం అరణపు గొర్రె అత్తింటి గడ్డి తిన్నా దాని ఉన్ని కోడలిదే. ఏ అత్తా నోటితో కాదనదు, చేత్తో లాక్కుంటుంది. నేను అరణంగా తెచ్చిన గొర్రె ఉన్ని ఏటేటా అలాగే మా మామ కాళ్లకెక్కింది.

ఆ మొదటి చలికాలం లుకేరియా నది మీద మంచు పగలగొట్టిన గుంట దగ్గర బట్టలు జాడించి వచ్చేసరికి ఆమె ఎడమ కాలి వేళ్లు రెండు తెల్లగా పాలిపోయాయి. తర్వాత నల్లబడ్డాయి. మంత్రసాని చూసి, మళ్లీ ఒకసారి గడ్డకడితే ఆ వేళ్లు దక్కవని తేల్చి చెప్పింది.

"దేవుడు పది వేళ్లిచ్చాడు, రెండింటికే ఇంత గోలా?" అంది అత్త.

ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మళ్లీ చలి మొదలై నేల గట్టిపడ్డాక, బూట్లు చేసే నికాందర్ ఊరూరూ తిరుగుతూ మా ఇంటికొచ్చాడు. ఇంటివాళ్లే ఉన్ని ఇచ్చి తిండి పెట్టాలి. పెరటి చివర ఉన్న ఆవిరి స్నానాల గుడిసెలో నీళ్లు మరగబెట్టుకుని అతను పని చేస్తాడు. అత్త ఎవరికి ఎలాంటివి కావాలో చెబుతూ తెల్ల ఉన్ని మూట తీసి పక్కన పెట్టింది.

"ఇది మా చిన్నోడు యెవ్సేయ్‌కి. పిల్లని చూసుకోడానికెళ్తున్నాడు. తెల్లబూట్లేసుకుంటే దర్జాగా ఉంటాడు."

"అది నా గొర్రె ఉన్ని అత్తా," అంది లుకేరియా.

"నీ గొర్రె తిన్న గడ్డి ఎవరిదే?"

"అది వేసిన ఎరువు మీ పొలంలోనే ఉందిగా."

నికాందర్ ఫక్కున నవ్వబోయి దగ్గాడు. లుకేరియా మొగుడు ప్రోఖర్ పులుసు గిన్నెలోంచి తలెత్తలేదు.

"నా కాలు చూడత్తా. ఈసారి వేళ్లు పోతాయి."

"అయితే బయట తిరుగుళ్లు మానెయ్. బట్టలు జాడించడం మాత్రం మానకు."

లుకేరియా గిన్నెలు కడగడానికి లేచింది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఉన్నిబూటు మొదటే కాలికి సరిపడేలా తయారవదు. చంటిపిల్లను పడుకోబెట్టగలిగేంత పెద్దగా ఉన్ని పరిచి మడుస్తారు. దాన్ని మరిగే నీళ్లలో ముంచి, బల్ల మీద వేసి రుద్దీ రుద్దీ కాలి కొలతకు తెస్తారు. ఒకసారి ముడుచుకున్న ఉన్ని మళ్లీ సాగదు. లుకేరియా పుట్టింట్లో తండ్రీ అన్నలూ చేసేది ఈ పనే. ఆమె చేతులు ఆ వేడికి అలవాటుపడినవే.

యెవ్సేయ్ బూట్లు కొలతకు వచ్చాయనీ, ఇక కొయ్య అచ్చుల మీదికి ఎక్కించడమే తరువాయి అనీ చెప్పి నికాందర్ మధ్యాహ్నం భోజనానికొచ్చాడు. క్యాబేజీ పులుసు తాగి పొయ్యి అరుగెక్కి గురక పెట్టాడు.

"అక్కా, కాస్త ఆవును చూస్తుండు," అని లుకేరియా పెరట్లోకి వెళ్లింది.

కాసేపటికి గుడిసె మీద పొగ దట్టంగా లేచింది. అత్త కిటికీలోంచి చూసింది.

"నికాందర్ ఇక్కడుంటే అక్కడ పనిచేస్తున్నదెవరే?"

అందరం పరిగెత్తాం. లోపల గడియ పెట్టి ఉంది. రుద్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"తలుపు తియ్యవే!"

"చేతులు ఖాళీ లేవత్తా!"

"ఏం చేస్తున్నావే?"

"బూట్లు."

"ఎవరికే?"

"గొర్రె ఎవరిదో వాళ్లకి!"

నికాందర్ తలుపు మీద బాదాడు. "అమ్మాయ్, ఇక నీళ్లలో ముంచకు! సరిపోయిందీ!"

"యెవ్సేయ్‌కి సరిపోయింది బాబాయ్. నాకింకా వదులే!"

అత్త ప్రోఖర్ భుజం పట్టి ఊపింది. "ఒరేయ్, గొడ్డలి తెచ్చి తలుపు పగలగొట్టు!"

ప్రోఖర్ తలుపు వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, తల గోక్కున్నాడు.

"పగలగొడితే మళ్లీ నేనే చెయ్యాలమ్మా. పలకలు లేవు."

ఆ ఒక్క ముక్క అనడానికి మా మరిదికి ఎంత గుండె కావలసి వచ్చిందో నాకు తెలుసు. ఆ ఇంట్లో తల్లికి ఎదురాడిన మొదటి కొడుకు అతనే.

చివరికి తలుపు తానే తెరుచుకుంది. ఆవిరిలోంచి లుకేరియా బయటికొచ్చింది. మోచేతుల దాకా చేతులు ఎర్రగా కమిలిపోయాయి. చంకలో రెండు తెల్లబూట్లు, చిన్నవి, ఇంకా నీళ్లోడుతున్నాయి. అత్త వాటిని లాక్కుని యెవ్సేయ్‌ని గడప మీద కూర్చోబెట్టి కాలికి ఎక్కించబోయింది. వేళ్లు దూరాయి, పాదం దూరలేదు.

"సాగదీయ్!" అంది నికాందర్‌తో.

"ఉన్ని ముడుచుకుంటుంది గానీ సాగదమ్మా."

"వదిలెయ్యమ్మా, పాతవేసుకునే వెళ్తా," అన్నాడు యెవ్సేయ్, నొప్పికి మొహం చిట్లించి.

"అయితే ఇవి పొయ్యిలో వేస్తా!"

లుకేరియా ఆమె చేతిలోంచి బూట్లు తీసుకుని, మందపాటి గుడ్డ చుట్టిన కాళ్లకు అక్కడే తొడుక్కుంది. లోపల వేళ్లు కదిలేంత చోటు వదిలే కుదించింది మహాతల్లి. నేల మీద ఒకసారి గట్టిగా తొక్కి నిలబడింది.

"వెయ్యి. నేనూ వీటితోపాటే వస్తా."

"నిన్ను పుట్టింటికి తరిమేస్తానే!"

"తరుము. ఇప్పుడు నడవడానికి బూట్లున్నాయి."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంట్లోకి వెళ్లి, మామ కోసం కట్టిపెట్టిన నా గొర్రె ఉన్ని మూట ఎత్తుకొచ్చి, గుడిసెలో బల్ల దగ్గరికి వెళ్లిన నికాందర్ ముందు దింపాను.

"ఇది ఎవరి కాలికమ్మా?" అన్నాడతను, గుమ్మంలో నిలబడ్డ అత్త వైపు చూస్తూ.

అత్త చూస్తుండగానే నా కాలెత్తి అతని బల్ల మీద పెట్టాను.