కుందేరు పత్రికకు రెండు కార్డులు

మొన్న ఆదివారం మా అమ్మాయి బడిలో చేయాల్సిన బొమ్మ కోసం వంటింట్లో మైదా ఉడికించి బంక చేసింది. గిన్నె అడుగంటి లేచిన ఆ పిండి వాసనకు నేను కూర్చున్న చోటే ఉండిపోయాను. జమ్మలమడుగులో ఎండాకాలం వచ్చిందంటే మా అమ్మ చేతులకు ఇదే వాసన ఉండేది.

అమ్మ అక్కడి శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్. నాన్న నాకు ఊహ తెలియక ముందే పోయాడు, ఇంట్లో మేమిద్దరమే. పెన్నలో ఇసుక తెల్లగా మెరిసే ఆ రోజుల్లో, బడికి సెలవులివ్వగానే నేనూ అమ్మ వెంట లైబ్రరీకి పోయేదాన్ని. కిటికీలకు తడిపిన గోనెపట్టాలు వేలాడుతుండేవి, ముసలాళ్లు ఒకే పేపరును ముక్కలుగా పంచుకొని పైకి చదువుకుంటూ ఉండేవాళ్లు, ఎదురంగడిలో మిరపకాయ బజ్జీలు వేగే వాసన ఆ నిశ్శబ్దంలోకి వచ్చి అందరి దృష్టీ చెదరగొట్టేది. అమ్మ ఏడాది పొడవునా వచ్చిన పత్రికలను వరస తప్పకుండా పేర్చి, దబ్బనంతో కుట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన బంక పూసి అట్ట వేసేది. బంక కలిపే పని నాది. అది అయ్యాక వసారాలో కూర్చొని ఒక్కదాన్నే అచ్చనగండ్లు ఆడుకునేదాన్ని.

ఒక్కో పత్రికకు కార్డుల బీరువాలో, అది ఎప్పుడు మొదలైందో రాసిన ఒక కార్డు ఉండేది. పత్రికలు కూడా మనుషుల్లాగే మారతాయని నాకు అప్పుడే తెలిసింది. వారపత్రిక మాసపత్రిక అయ్యేది, రెండు కలిసి ఒకటయ్యేవి, పేరు మార్చుకొని కొత్త అట్టతో వచ్చేవి. "పేరు మారిందని పాతదాన్ని మరిసిపోకూడదు పాపా. పాత కార్డు మీద కొత్త పేరు, కొత్త కార్డు మీద పాత పేరు రాసి పెట్టాల. లేకుంటే ఎతికేటోళ్లు యాడని ఎతుకుతారు?" అనేది అమ్మ.

ప్రొద్దుటూరు నుంచి 'కుందేరు' అనే చిన్న వారపత్రిక వచ్చేది. ప్రెస్సు ఖాదర్ మామది, రాతలు ఆయన స్నేహితుడు నారాయణవి. ఖాదర్ మామ సీసపు అక్షరాలు ఒక్కొక్కటే చేత్తో పేర్చి ఆ పత్రికను తొమ్మిదో ఏటికి తెచ్చాడు. బస్సులో వచ్చి కొత్త సంచిక తానే అమ్మ చేతికిచ్చేవాడు. రంజాన్‌కు ఆయన భార్య డబ్బాలో పంపే షీర్ ఖుర్మా పాయసం మూత తీయకముందే నెయ్యి వాసన కొట్టేది.

అవి ముఠా తగాదాల్లో ఊర్లు రెండుగా చీలిన రోజులు. ఏ పార్టీ అనేది ఎవరి పక్కన నిలబడ్డావో దాన్ని బట్టి ఉండేది. నారాయణ అత్తగారిది పులివెందుల దగ్గర సింహాద్రిపురం, ఆ పక్క పెద్దలు ఆయన్ను తమ వైపు లాక్కున్నారు. ఖాదర్ మామ ఎవరి పక్కకూ పోలేదు. నారాయణ 'కుందేరు పిలుపు' అని వేరే పత్రిక పెట్టి, దాని మీద కూడా తొమ్మిదో సంపుటి అనే వేసుకున్నాడు. కోర్టు వేలం ప్రకటనలు పాతుకుపోయిన పత్రికకే వస్తాయి, వాటితోనే పత్రిక బతుకుతుంది. అందుకని తమదే అసలుదని చెప్పుకోవాల్సిన అవసరం వాళ్లకు పడింది.

ఒక సాయంత్రం జీపు వచ్చి లైబ్రరీ ముందు ఆగింది. తెల్లబట్టల పెద్దమనిషి ఒకడు అమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"నారాయణదే పాత పత్రికని రాయండమ్మా."

"పేరు ఖాదర్ దగ్గరుంది గదప్పా. పేరు యాడుంటే పాత కార్డు ఆడనే ఉంటాది," అంది అమ్మ.

ఆయన కోప్పడలేదు. బడి నుంచి వచ్చి వసారాలో ఉన్న నన్ను చూసి నవ్వాడు. "మీ బిడ్డేనా? దినామూ ఒగతే పోతాంటాది బడికి. దినాలు శానా చెడ్డగుండాయి, జాగర్తమ్మా."

అమ్మ పాత కార్డు తీసింది. 'ఇకపై కుందేరు పిలుపు' అని రాసింది. ఖాదర్ మామ పత్రికకు నిన్న పుట్టినదానికి రాసినట్టు కొత్త కార్డు రాసింది. మరునాటి నుంచి నన్ను బడికి తానే దిగబెట్టి వచ్చేది.

ఆ వారం ఖాదర్ మామ వచ్చి బీరువా సొరుగు లాగి చూసుకున్నాడు. "నా కుందేరు ఇప్పుడు పుట్టిందా చెల్లెమ్మా?" అన్నాడు. ఆయన తెచ్చిన సంచిక బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ కార్డు నకలు చూపించే నారాయణ వాళ్లు కోర్టు ప్రకటనలు దక్కించుకున్నారని తర్వాత తెలిసింది. ఏడాది తిరక్కుండానే ఆయన మిషను అమ్మేసి, డ్రైవరు పనికి కువైట్ పోయాడు.

ఆయన లేకపోయినా రంజాన్‌కు డబ్బా వచ్చింది. అమ్మ ముట్టలేదు, అంతా నాకే పోసింది. నేను తిన్నాను. తియ్యగానే ఉంది. ఎందుకట్ల రాసినావని ఒకసారి అడిగితే, "నీ కోసరమే," అని కసిరి, వెంటనే నన్ను దగ్గరికి లాక్కుంది. అప్పటి నుంచి ఎవరైనా కువైట్ మాటెత్తితే నేను అక్కడి నుంచి లేచి వెళ్లేదాన్ని.

కొన్నేళ్లకు ఆ పెద్దలే పార్టీ మారి, నిన్నటి పగవాళ్లతో ఒకే జీపులో తిరిగారు. 'పిలుపు' ఇంకో పేరు పెట్టుకొని, ఆ తర్వాత మూతపడింది. అమ్మ ఆ రెండు పత్రికల కార్డులూ సరిగా తిరగరాసింది. ఖాదర్ మామ సెలవు మీద వచ్చాడని తెలిసి నన్ను వెంటబెట్టుకొని ప్రొద్దుటూరు పోయింది. జీపు సంగతి, ఆ మాట సంగతి, అన్నీ చెప్పి చేతులు జోడించింది.

ఆయన నా వైపు తిరిగాడు. "ఆ పాప ఈ పాపేనా?"

అమ్మ తలూపింది.

"చదువుకుంటాండాదా?"

"ఇంటరుకొచ్చింది అన్నా."

"అయితే పోనీలే చెల్లెమ్మా. పత్రికను మల్లా పుట్టించుకోవచ్చు," అన్నాడు.

కానీ ఆయన పుట్టించలేదు. సెలవైపోగానే మళ్లీ పోయాడు. ఆయన తిట్టి ఉంటే నాకు ఇంతగా గుచ్చుకునేది కాదు.

ఇప్పుడు అమ్మ లేదు, ఖాదర్ మామ లేడు. పోయిన ఏడు జమ్మలమడుగు పోతే, లైబ్రరీకి కొత్త భవనం కట్టారు. కార్డుల బీరువా పాతసామాన్లవాళ్లకు పోయింది, అమ్మ కుట్టిన సంపుటాలను చెదలు తిన్నాయి. కంప్యూటరు ముందున్న అమ్మాయి, "ఏం పేరుతో ఎతకాల మేడమ్?" అంది. ముందు ఖాదర్ మామ పత్రిక పేరు చెప్పాను, తర్వాత రెండోది.

రెండూ రాలేదు. "ఎప్పుడన్నా వచ్చేదా మేడమ్ ఈడికి?" అని అడిగింది ఆ అమ్మాయి.

"వచ్చేది," అన్నాను. "ఆయనే తెచ్చిచ్చేవాడు."