చెప్పుల అధ్యాయం

ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేచి, వాటిమీద రైళ్లు ఇంకా తిరగని కాలం అది. రోడ్డంతా తవ్వి పోసిన ఆ రోజుల్లో నేను నాచారంలోని ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కొత్తగా చేరాను. నాకంటే తెలివైనవాళ్లు ఈ లోకంలో పెద్దగా ఉండరని నాకు గట్టి నమ్మకం. (తర్వాత చాలామంది ఎదురుపడ్డారు. ఇద్దరైతే నా కడుపునే పుట్టారు.) ఆ తెలివికి తోడు, ఉప్పల్ బస్టాప్ పక్కన పాత పుస్తకాలు అమ్మే అన్న దగ్గర ఒక సన్నటి పుస్తకం దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, రాసింది ఎవరో ఈనాటికీ తెలియదు. ఏదో పల్లెటూరి చర్చిలో ఉపదేశిగా పనిచేస్తూ బడిపిల్లలకు చదువు చెప్పిన పెద్దాయన అని మాత్రం చదువుతుంటే తెలిసింది. నేను ఆయన్ని తాత అని పిలుచుకున్నాను.

ఈ తాతకు దేవుడంటే భయం కంటే చనువు ఎక్కువ. ప్రసంగంలో కునికిపాట్లు పడేవాళ్ల మీద ఒక వ్యాసం రాశాడు: "కునికేవాణ్ణి తిట్టకండి. అయ్యగారు తప్పు మాట చెప్పడని పూర్తిగా నమ్మినవాడే నిశ్చింతగా నిద్రపోతాడు. అనుమానం ఉన్నవాళ్లే మేలుకుని వింటారు." ఇది కంపెనీ బస్సులో చదివి ఎంత నవ్వానంటే, ముందు సీటులోని అక్క టిఫిన్ డబ్బా కింద పడేసుకుంది. అంతవరకు నాకు దేవుడంటే మా సూపర్‌వైజర్‌లాగా గేటు దగ్గర నిలబడి, ఎవరు ఆలస్యంగా వచ్చారో చూసే మనిషి. ఆయన పక్కన కూర్చుని నవ్వుకోవచ్చని తాత చెప్పేదాకా నాకు తెలియదు. ఆ సంతోషం ఇంతా అంతా కాదు.

పేజీలు ఊడిపోతున్నాయని మా అమ్మ ఆ పుస్తకాన్ని తన పాత బైబిల్ జిప్ కవర్‌లో పెట్టింది. ("విశ్వాసి రాసిన పుస్తకం, ఎట్లంటే అట్ల పడెయ్యొద్దు" అని ఆమె పట్టుదల.) దాంతో బస్సులో నాకు రాకూడని పేరు వచ్చేసింది. "సూడున్రి, గీ పిల్ల బైబిల్ సదువుకుంట ఎట్ల నవ్వుతుందో! ఆత్మ నిండింది!" అనేవారు ఆడవాళ్లు. నేను కాదనలేదు. పేరు ఊరికే వస్తుంటే వద్దనేంత పెద్దమనసు నాకు లేదు. ఆ పేరు మా అక్క చెవిదాకా పోయింది.

అప్పుడే అక్కాబావా నాచారంలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఇంట్లోకి వెళ్లేముందు ప్రార్థన పెట్టి చుట్టాలను పిలిచారు. అందులో పెద్ద విశేషం పెద్దబావ రావడం. ఆయన మా బావకు అన్న, తండ్రి పోయాక తమ్ముణ్ణి తానే పెంచి పెద్ద చేసినవాడు. తనను అడగకుండా జాగా కొన్నాడని ఏళ్ల తరబడి మాట్లాడలేదు. ఎవరు బతిమాలారో, మొత్తానికి వచ్చాడు. గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని, "ప్రార్థన కాంగనే పోత. తిండి గిండి ఏమొద్దు" అన్నాడు. అన్న ఈ ఇంట్లో ఒక్క ముద్ద తింటే చాలని మా బావ ఆశ. వెనుక పొయ్యిమీద బగారన్నం, మటన్ కూర ఘుమఘుమలాడుతున్నా బావ మొహం మాత్రం పీక్కుపోయి ఉంది.

ప్రార్థన చేయాల్సిన చర్చి అయ్యగారు ఎంతకూ రాలేదు. ఫోన్ చేస్తే, "ఉప్పల్ రింగురోడ్డు కాడ ఇరుక్కున్నమ్మా, వస్తున్న, వస్తున్న" అంటాడు. మళ్లీ చేస్తే మళ్లీ అదే మాట. పెద్దబావ చివరికి లేచాడు. "పిలిచి అవమానం జేసుడంటే గిదే" అని, ఒక కాలు చెప్పులో పెట్టి, రెండో చెప్పు కోసం వెతకసాగాడు. అక్క నన్ను జబ్బ పట్టుకుని ముందుకు తోసింది.

"పొద్దుగాల నుంచి అదే సదువుతవంట గదనే! జర వాక్యం జెప్పు, ఆయన్ని ఆపు!"

వాక్యం మొదలయ్యాక మధ్యలో లేచిపోవడం మావాళ్లలో లేదు. అక్క ధైర్యం అదే. నేను జిప్ తీశాను. లోపల ఉన్నది తాత! అమ్మకు సంగతి తెలుసు గనుక వెంటనే కళ్లు మూసుకుంది.

"ఏ అధ్యాయం?" అన్నాడు పెద్దబావ గంభీరంగా.

అబద్ధం చెప్పాలన్నా నోటికి ఏదీ రాలేదు. "చెప్పుల అధ్యాయం, పెద్దబావా" అన్నాను.

ఇక చేసేదేముంది, చదివేశాను. "ప్రార్థనకు వచ్చేవాళ్లు రెండు రకాలు. పాత చెప్పులవాడు రెండు కళ్లూ మూసుకుంటాడు. కొత్త చెప్పులవాడు ఒకటి మూసి, రెండోదాన్ని గుమ్మానికి కాపలా పెడతాడు. అలిగి వచ్చినవాడి సంగతి వేరు. అతని చెప్పులు వీధివైపు తిరిగి ప్రయాణానికి సిద్ధంగా ఉంటాయి. మనిషికి అందరూ నచ్చజెబుతారు. చెప్పులకు చెప్పేవాడే లేడు."

అందరి కళ్లూ పెద్దబావ కాళ్ల దగ్గరికి పోయాయి. రెండు చెప్పులూ వీధివైపే చూస్తున్నాయి! నా పని అయిపోయిందనుకున్నాను. "నేను రాయలే పెద్దబావా, దేవుని తోడు! తాత రాసిండు" అన్నాను.

"ఎవడే గా తాత? నన్నెప్పుడు సూసిండు?" అని గద్దించబోయాడు. మీసం వణికింది. భుజాలు కదిలాయి. ఆ మనిషి పళ్లు మా వాళ్లెవరూ చూసి ఎరగరు. ఆ రోజు అన్నీ చూశాం. నవ్వి నవ్వి, తువాలుతో కళ్లు తుడుచుకుని, కాలి చెప్పు విడిచి లోపలికి వచ్చి చాపమీద కూర్చున్నాడు. "ఇంకోటి సదువు మరదలా" అన్నాడు. కునికిపాట్ల వ్యాసం చదివాను. నలుగురూ పొట్టలు పట్టుకున్నారు.

అంతలో మళ్లీ అయ్యగారి ఫోన్. పెద్దబావే తీసుకున్నాడు. "మీరు నిదానంగ రాన్రి అయ్యగారూ. ఇల్లు మా తమ్మునిది, ప్రార్థన నేను జేస్త" అన్నాడు. లేచి బావ తలమీద చెయ్యి పెట్టాడు. "ప్రభువా, వీడు నన్నడగకుంట ఇల్లు కట్టిండు. నిన్నయితే అడిగే కట్టిండు గదా. గది చాలు నాకు." ఆ తర్వాత తువాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమేన్ మేమే అన్నాం. బావ చిన్నపిల్లవాడిలా ఏడుస్తూ అన్నకు తన చేత్తో వడ్డించాడు. ఆయన రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు.

ఆ రోజు నా నడక చూడాలి! తెగిపోయిన అన్నదమ్ముల్ని ఒక్క పేజీతో కలిపానని, తాతా నేనూ కలిస్తే ఏమైనా చేయగలమని వారం రోజులు నేలమీద నడవలేదు. నాలుగు వెంట్రుకలు నెరిశాక ఇప్పుడు తెలుస్తోంది, పెద్దబావ ఆగడానికి ఏదో ఒక సాకు కోసమే చూస్తున్నాడని. రెండో చెప్పు ఆయన కాలి పక్కనే ఉంది మరి. దానికోసం అంతసేపు వెతకడమెందుకు? అయినా ఈ సంగతి అప్పటి నాలోని ఆ పిల్లకు నేను చెప్పను. గెలిచానని ఎంత మురిసిపోయిందో పాపం. మురవనీ.