దోమల సారు మేడ మీది చేపలు

ఉద్యోగం మున్సిపాలిటీలో, దోమల నివారణ. పేరుతో ఎవరికీ పనిపడలేదు, వీధికంతా ఆయన దోమల సారే. పూలకుండీ కింద చెంచాడు నీళ్లు కనిపించినా సరే, ఇంటావిడని దొంగని నిలదీసినట్టు నిలదీసేవాడు. జరిమానా వేసి ఊరుకోక పాత టైర్లు, పగిలిన బకెట్లు పట్టుకుపోయేవాడు. ఆఫీసు గోదాములో చోటు లేక వాటిని సొంత మేడ మీదే పేర్చి, వచ్చినవాళ్లకి బహుమతుల్లా చూపించేవాడు. ఆ ఇంటిని తనిఖీ చేసే మొనగాడెవరు?

రిటైరయ్యేలోగా వీధి మొగలో ‘డెంగీ లేని వీధి’ అని బోర్డు పాతించాలని ఆయన పంతం. బోర్డు రాయించేశాడు కూడా. చిన్నపిల్లల రక్తం పరీక్ష చేశాకే అనుమతి అన్నారు పైవాళ్లు. డెంగీ తెలియకుండా సోకిపోయినా దాని ఆనవాళ్లు, అవే యాంటీబాడీలు, రక్తంలో మిగిలిపోతాయట. పెద్దవాళ్లలో కనిపిస్తే ఏనాటివో అనుకోవచ్చు, మూడేళ్ల లోపు పిల్లల్లో కనిపిస్తే దోమ ఈమధ్యే కుట్టినట్టు.

సూది చూసి తల్లులు వెనక్కి తగ్గారు. సారు మనవరాలిని ఎత్తుకొచ్చాడు.

“ముందు మా బుజ్జిదానికి చెయ్యండి. పుట్టాక ఈ వీధి దాటి ఎరగదు. దీని రక్తమే సాక్ష్యం!”

వారానికి ఫలితాలొచ్చాయి. పిల్లలందరిలో దొరికింది ఒక్కతే, బుజ్జిది.

“పొరపాటయ్యుంటుందమ్మా. ఏ ఊరో వెళ్లినప్పుడు...” అంటూనే సారు ఆగిపోయాడు.

“వీధే దాటలేదన్నారు కదండీ,” అంది నర్సు మర్యాదగానే. “ఈసారి పైకి తెలియలేదు. రెండోసారి సోకితే ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లో నీళ్లెక్కడ నిలుస్తున్నాయో చూసుకోండి.”

సారు ఇంటికొచ్చి చెబితే భార్య కళ్లొత్తుకుంటూనే అంది, “ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని ఊరికే అన్నారా?”

బుజ్జిది ఆయన వేలు పట్టుకుని మేడ మీదికి లాక్కెళ్లింది. “తాతా, నా చేపలు! రోజూ చెప్తున్నా, నువ్వు రావు.”

టైర్ల నిండా వాన నీళ్లు. ఆ నీళ్లలో దోమ పిల్లలు గిలగిలా ఈదుతున్నాయి. రోజూ చెప్పిన మాట నిజమే, రోజూ “ఆఁ, ఆఁ, చేపలేనమ్మా” అని పేపరు తిరగేసింది తనే.

ఒక్కొక్క టైరూ బోర్లించాడు. సూదికి ఏడ్చినదానికంటే ఎక్కువగా ఏడ్చింది బుజ్జిది, తన చేపల కోసం. దాన్ని గుండెకి హత్తుకుని ఆయనా ఏడ్చేశాడు.

బోర్డు వృథా పోలేదు. సారు ఇంటి నీళ్ల తొట్టికి సరిగ్గా మూతలా సరిపోయింది.