అమ్మ వయసు నేనే రాశాను

ఇది ఈ వారమే రాయాలి. మా అమ్మ పింఛను ఫైలుకు పీఎఫ్ ఆఫీసులో ఈ నెల ఇరవై ఐదు వరకే గడువిచ్చారు. ఆ లోపు ఒక సంతకం దొరకాలి. ఎవరి సంతకం, ఎందుకు అన్నది చెప్పాలంటే ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి...

మా చిన్నప్పుడు బడి వదలగానే నేను ఇంటికి కాదు, నారాయణగూడ సందులో ఉన్న బైండింగ్ కార్ఖానాకు వెళ్లేదాన్ని. దానికి పేరేదో ఉండేది గానీ, అందరూ పచ్చ గేటు కార్ఖానా అనే అనేవారు. అమ్మ, ఇంకో పది మంది ఆడవాళ్లు నేల మీద వరసగా కూర్చుని నోటుబుక్కులు కుట్టేవారు. మైదా జిగురు వాసన... వేళ్లు కోసే కాగితం అంచులు... జూన్ వచ్చిందంటే వాళ్లకు తలెత్తే తీరిక ఉండేది కాదు. నేను పుస్తకాల కట్టకు ఆనుకుని హోంవర్క్ చేసుకునేదాన్ని.

ఆ గదిలో చదవడం వచ్చింది నాకొక్కదానికే. మందు సీసా మీద ఏముందో, కరెంటు బిల్లు ఎవరి పేరున వచ్చిందో... అన్నీ నన్నే అడిగేవారు.

ఐదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం కార్ఖానా యజమాని సేఠు పదకొండు ఫారాలు తెచ్చి పెట్టాడు. ఇకనుంచి పీఎఫ్ కడతారట, పెద్దవయసులో పింఛను వస్తుందట. రేపటికల్లా నింపి వేలిముద్రలు వేయమని వెళ్లిపోయాడు. పెన్ను నా చేతికొచ్చింది.

పుట్టిన తేదీ దగ్గర అందరూ ఆగిపోయారు.

"నేను బోనాలప్పుడు పుట్టిన. మా అవ్వ చెప్తుండె," అంది బాలమణి అత్త. మాకు చుట్టం కాదు, అమ్మ పక్కన కూర్చుని కుట్టేది.

"ఏ సంవత్సరం అత్తా?"

"గది ఎర్కుంటే నేను గూడ బడికి పోయినదాన్నే అయితుంటి గద."

గదంతా నవ్వింది.

గోడ మీద క్యాలెండరు ఉంది. ఆ ఏడాది బోనాలు ఏ తేదీన పడ్డాయో చూసి, ఆ తేదీనే ఆమెకు రాసేశాను. పండుగ తేదీ ఏటేటా మారుతుందన్న సంగతి తట్టనే లేదు. బతుకమ్మకు పుట్టానన్నామెకు బతుకమ్మ తేదీ... ఏమీ గుర్తులేనామెకు నాకు నచ్చిన తేదీ... వయసు అడిగి, తీసివేత చేసి, సంవత్సరం వేశాను. ఎంత గర్వంగా ఉండిందో.

చివరికి అమ్మ ఫారం మిగిలింది.

"నాకు నలభై ఉంటయి బిడ్డా. రాయి," అంది.

నేను ముప్పై రెండేళ్ల లెక్కన రాశాను.

దానికి ముందు వారమే మా బడిలో తల్లిదండ్రుల మీటింగ్ జరిగింది. అమ్మ పని మధ్యలో లేచి వచ్చింది. వేళ్ల నిండా జిగురు, తల సగం నెరిసిపోయి ఉంది. "మీ నానమ్మ వచ్చిందే," అంది నా పక్క బెంచీ పిల్ల. నేను కాదనలేదు... తల ఊపాను.

అందుకే, పెన్ను నా చేతిలో ఉన్నప్పుడు అమ్మను ఎనిమిదేళ్లు చిన్నదాన్ని చేశాను.

ఇప్పుడు నేను అశోక్ నగర్‌లో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే సెంటర్‌లో పనిచేస్తున్నాను. పరీక్షలు రాసే పిల్లలతో పాటు, పని మానేసిన పెద్దవాళ్లు కూడా పింఛను కాగితాలు పట్టుకుని వస్తారు. వాళ్ల కాగితాల్లో తప్పులు వెతికి సరిచేయిస్తాను. అమ్మ కాగితాలు తెరిచిన రోజు మాత్రం నా తప్పే నాకు దొరికింది.

ఆధార్ ప్రకారం అమ్మకు అరవై. పీఎఫ్ రికార్డు ప్రకారం యాభై రెండు. పింఛనుకు యాభై ఎనిమిది నిండాలి... అంటే ఇంకో ఆరేళ్లు. కార్ఖానా మూతపడి నాలుగేళ్లయింది. వేళ్లు వాచి అమ్మ సూది పట్టుకోలేకపోతోంది. ఆ వేళ్లతోనే చిక్కడపల్లిలో ఒక హాస్టల్లో గిన్నెలు తోముతోంది.

ఆఫీసుకు ఇద్దరం వెళ్లాం. "ఈ తారీఖు ఎవరు చెప్పిండ్రమ్మా?" అని అడిగారు కౌంటర్‌లో సారు.

"నేనే చెప్పిన సారు. నాకు లెక్క రాకపాయె," అంది అమ్మ. నా వైపు చూడను కూడా లేదు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను.

పాత యజమాని సంతకం తెచ్చుకోమన్నారు. ఆయన దగ్గర అప్పటి హాజరు పుస్తకం ఉండి, అందులో వయసు రాసి ఉంటే ఇంకా మంచిదన్నారు. తిరిగి వస్తుంటే బస్సులో అమ్మే నాకు సర్ది చెప్పింది. "చిన్నపిల్లవు, తీసివేత తప్పినవు. జర పరేషాన్ గాకు."

తీసివేత తప్పలేదని ఎలా చెప్పను...

పచ్చ గేటు చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్ ఉంది. వాచ్‌మన్‌కు ఏమీ తెలియదు. సేఠు నల్లకుంటకు మారాడని ఒకరు, కాచిగూడలో ఉన్నాడని ఇంకొకరు అన్నారు. రెండు చోట్లా తిరిగాను. ఎటు వెళ్లినా దారి మూసుకుపోతోంది. వేరే ఎవరి మీదైనా కోపం తెచ్చుకుందామంటే ఆ వీలు కూడా లేదు... రాసింది నేనే.

నిన్న ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నానమ్మ మాట దగ్గర చేతులు ఆగాయి.

"అప్పుడే చెప్తే తలకు రంగేసుకుంటుంటి గద బిడ్డా," అంది.

మళ్లీ కాయ అందుకుంది.

ఇప్పుడు బిడ్డ పుట్టగానే తేదీ, గంట, నిమిషంతో సహా కాగితం చేతికొస్తోంది. మా అమ్మల దగ్గర ఉన్నదల్లా ఒక పండుగ పేరు, చదువుకునే ఓ పిల్ల మీద నమ్మకం... మీ ఇళ్లల్లో కూడా చిన్నప్పుడు మీరే ఫారాలు నింపి ఉంటే, ఏం రాశారో ఒకసారి తీసి చూడండి. ఇక్కడ చెప్పండి.

పచ్చ గేటు కార్ఖానా సేఠు గానీ, ఆయన పిల్లలు గానీ ఎవరికైనా తెలుసా? సంతకానికి ఎంత దూరమైనా నేనే వస్తాను. అక్కడ కుట్టుపని చేసిన వాళ్ల పిల్లలెవరైనా ఇది చదువుతుంటే... మీ అమ్మ పుట్టిన తేదీ రాసింది నేనే. ఆమెది కూడా తప్పే అయి ఉంటుంది. ఈ నెల ఇరవయ్యో తేదీ లోపు కింద ఒక్క మాట రాయండి.