తాళం తీసేసిన వార్డెనమ్మ

మా వార్డెనమ్మ పోయారని పార్వతి పుంగనూరు నుంచి ఫోన్ చేసి చెప్పింది. "పొద్దున టీ తీసుకొని పోతే లేయలేదు మే" అంది. విలేకరిని కాబట్టి ఒక వార్త పని మీద నేను మదనపల్లె బస్టాండులో ఉన్నాను. పుంగనూరు బస్సు ఎదురుగానే ఉంది. ఎక్కాను.

ఆమె ఎవరో తెలియనివాళ్ల కోసం చెబుతాను. తొంభైలలో మదనపల్లెలో ఒక ట్రస్టు, పల్లెల్లోని పేద ఇళ్ల ఆడపిల్లలకు డిగ్రీ చదివేందుకు స్కాలర్‌షిప్ ఇచ్చేది. కాలేజీ ఫీజు, పుస్తకాలు, ఒక అద్దె ఇంట్లో బస, భోజనం. ఆ ఇంటికి ఆమె వార్డెన్. రామకుప్పం, బి.కొత్తకోట, పెద్దతిప్పసముద్రం పక్క పల్లెల నుంచి వచ్చినవాళ్లం మేము. నాకన్నా పై క్లాసు పార్వతి, నేను ఒకే గదిలో ఉండేవాళ్లం. మాలో చాలామంది అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు. స్కాలర్‌షిప్ వచ్చినంత మాత్రాన పిల్ల ఊరు దాటేది కాదు. తండ్రి ఒప్పుకోవాలి. ఒప్పించే పని వార్డెనమ్మది.

ఆమె బస్సులో పల్లెకు పోయి, అరుగు మీద కూర్చొని, ప్రతి తండ్రికీ ఒకే మాట చెప్పేవారు. "గేటుకు తాళమేస్తా. తాళంచెవి నా కాడుంటాది. నేనూ లోపలే ఉంటా. నువ్వొచ్చి అడిగితే తప్ప పిల్లని యాడికీ పంపను." చదువు గొప్పతనం గురించి ఆమె మాట్లాడగా నేను వినలేదు. తండ్రులు కూడా తాళం గురించే అడిగేవాళ్లు. ఎంత లావుది, ఎవరేస్తారు, ఆమె ఊరికి పోతే పిల్లల దగ్గర ఎవరుంటారు.

అందుకే ఆమె ఎక్కడికి పోయినా మేమంతా పోవాల్సిందే. ఒక పిల్లకు పన్ను నొప్పి వస్తే అందరం డాక్టరు దగ్గర కూర్చునేవాళ్లం. పుంగనూరులో సొంత చెల్లెలి పెళ్లికి మమ్మల్నందరినీ తీసుకుపోయారు. తాళి కట్టగానే మాకు భోజనాలు పెట్టించి, తాను తినకుండా తిరుగు బస్సెక్కించారు. కాలేజీకి వరసగా పోతుంటే బజ్జీల బండి అతను "గొర్రెల మంద వస్తాండాది" అనేవాడు. "గొర్రెలకు హాల్‌టికెట్లు ఇయ్యరప్పా" అని ఆమె నడుస్తూనే జవాబు చెప్పేవారు.

మాకు ఊపిరాడేది కాదు. పార్వతి గేటు ఊచలు పట్టుకొని "జైల్లో వాళ్లకైనా విడుదల ఉంటాది" అని, ఆమెకు వినబడేట్టే అనేది. ఆమె కోప్పడేవారు కాదు. "నేను కాపలా ఉండేది మీకు కాదు, మీ నాయన్ల భయానికి. అది కునుకు తీస్తే మీరు సదువుకోవచ్చు" అనేవారు.

పార్వతిది రామకుప్పం పక్క పల్లె. కెమిస్ట్రీలో మా అందరికన్నా ముందుండేది. డిగ్రీ అయ్యాక తిరుపతిలో యూనివర్సిటీ ఎంట్రెన్సు రాస్తే మంచి ర్యాంకు వచ్చింది. సీటు దొరికితే స్కాలర్‌షిప్ అక్కడా కొనసాగిస్తామని ట్రస్టు చెప్పింది. మాలో యూనివర్సిటీ దాకా పోబోతున్న మొదటి పిల్ల తనే. కౌన్సెలింగుకు ముందురోజు పొద్దున్నే వాళ్ల నాయన వచ్చి గేటు బయట నిలబడ్డాడు.

"వాళ్ల జేజికి బాగలేదమ్మా. పిల్లని పిల్చకపోతా."

నాయనమ్మకు బాగలేదని తండ్రి వస్తే దానర్థం హాస్టల్లో అందరికీ తెలుసు. పెళ్లిచూపులు.

తండ్రి వచ్చి అడిగితే పంపుతానని మాట ఇచ్చింది ఆమే. కాదంటే ఆ కబురు అన్ని పల్లెలకూ పోతుంది, మిగతా తండ్రులూ వచ్చి గేటు ముందు నిలబడతారు. పంపితే పార్వతి సీటు పోతుంది.

"జేజి ఆస్పత్రిలో ఉండాదా, ఇంట్లోనా?" అని అడిగారు ఆమె.

"ఇంట్లోనే ఉండాదమ్మా."

"అయితే పదప్పా, మేమూ వస్తాం సూసేదానికి."

"మీరు యాలమ్మా అంత దూరం?"

"పిల్లని నేనే తెస్తా, నేనే తీసుకపోతా. మిగిలినోళ్లను ఒంటిగా ఇడిసిపెడితే మళ్లీ నువ్వే అడగవా?"

అందరం బస్సెక్కాం. పలమనేరు, వి.కోట దాటి ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. జేజి వాకిట్లో కూర్చొని రాగులు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చేట కింద పెట్టింది.

"యాల్రా, ఏనుగులు దిగినట్టు ఇంతమంది దిగినారు? రాగుల మీదికేనా?"

"నీకు బాగలేదంటనే జేజీ" అన్నారు వార్డెనమ్మ.

"నాకేమి? గుండ్రాయి మాదిరి ఉండా."

మేము నవ్వాం. లోపల చాప మీద పుంగనూరు నుంచి వచ్చిన పెళ్లివారు కూర్చొని ఉన్నారు. పార్వతి నవ్వలేదు.

వార్డెనమ్మ పార్వతి నాయనను పెరట్లోకి పిలిచి మాట్లాడారు. సంబంధం యాడికీ పోదు, రేపొక్క దినం తిరుపతికి పంపు, నేనే పిల్చకపోయి నేనే తెస్తా అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. అడవిలోంచి దిగిన ఏనుగులు చేను తొక్కేసిన ఏడాది కూడా పిల్లను చదువు మాన్పించలేదు. గొంతు పెంచకుండానే అడిగాడు.

"ఆడ సదివేటప్పుడు గేటుకు తాళమేస్తారామ్మా?"

ఆమె లేదన్నట్టు తలూపారు.

"మీరుంటారా ఆడ?"

"నేనెట్లుంటానప్పా."

"తాళముంటేనే పిల్ల బద్రమని చెప్పింది మీరే గదమ్మా."

ఉంటుంది, వేస్తారు అని ఆమె ఒక అబద్ధం చెప్పవచ్చు. చెప్పలేదు. పార్వతి లేకుండా బస్సెక్కాం. పలమనేరులో బస్సు ఆగినప్పుడు ఎవరమూ తినడానికి ఏమీ అడగలేదు. ఆ నెలలోనే పార్వతి పెళ్లయి పుంగనూరు పోయింది.

మళ్లీ కాలేజీ తెరిచేముందు వార్డెనమ్మ గేటు తాళం తీసేశారు. ట్రస్టువాళ్లు వద్దన్నా వినలేదు. మళ్లీ ప్రతి ఇంటికీ పోయి, అదే అరుగుల మీద కూర్చొని చెప్పారు. "ఇంక తాళం లేదప్పా. పిల్లోళ్లు వాళ్లంతట వాళ్లే పోతారు, వస్తారు. నమ్మితే పంపు." చాలామంది నమ్మలేదు. ట్రంకుపెట్టెలు తీసుకొని పిల్లల్ని వెంటబెట్టుకుపోయారు. ఆ పిల్లల డిగ్రీ అక్కడితో ఆగింది. అది చెప్పకుండా ఆమెను పొగడటం సరికాదు. మా నాయన బి.కొత్తకోట నుంచి వచ్చి, ఖాళీ గొళ్లేన్ని కాసేపు ఆడించి చూశాడు. "జాగ్రత్తమ్మా" అని నాతో కాక ఆమెతో అని, బస్సెక్కాడు. అట్లా మిగిలినవాళ్లలో కొందరం స్కాలర్‌షిప్ మీద తిరుపతికి పోయి చదువుకున్నాం. మా తర్వాత ఇంకొందరు పోయారు.

తాళం లేక గేటు గాలికి కొట్టుకునేది. ఆమె పాత చీర అంచు చింపి ముడి వేశారు. లోపలివాళ్లయినా బయటివాళ్లయినా విప్పుకోగల ముడి.

పని మానేశాక ఆమె పుంగనూరులో చెల్లెలి ఇంటి పక్కనే చిన్న ఇల్లు తీసుకున్నారు. పార్వతిదీ అదే వీధి. పార్వతి ఇంట్లో పిల్లలకు ట్యూషన్ చెబుతూ, రోజూ పొద్దున ఆమెకు టీ తెచ్చిచ్చేది. నేను చూడబోయిన ఒక రోజు, టీ తాగుతూ ఆమె ఉన్నట్టుండి అన్నారు.

"నిన్ను నేనే కట్టేసినా పార్వతీ."

"మీరు తాళమేస్తాననకుంటే మా నాయన డిగ్రీకే పంపేటోడు కాదు గదమ్మా."

"నేనూ అదే అనుకుంటాండా. అనుకున్నా నిద్రపట్టదు."

పార్వతి ఖాళీ గ్లాసు తీసుకొని లోపలికి పోయింది.

నేను పుంగనూరు చేరేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు. ఈ గేటుకూ చీర అంచే. ఎవరో విప్పేస్తే ఊచకు వేలాడుతోంది. ఆమెను తీసుకుపోయాక పార్వతి ఇల్లు కడిగి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి గేటు దగ్గరికి వేసింది.

"ఖాళీ ఇల్లు, తాళం యాడుండాదో సూడు పార్వతీ" అంది వార్డెనమ్మ చెల్లెలు.

పార్వతి తడి చేత్తోనే ఆ చీర అంచును ఊచ చుట్టూ తిప్పి, ఒక్కసారి లాగితే ఊడిపోయేట్టు ముడి వేసింది.